లక్క ముద్ర వేసిన సంచి

గద్వాల,
జూన్ నెలాఖరు.

సాయమ్మక్కకు తమ్ముడు ఇస్రాయేలు రాస్తున్నది.

ఫోను చేస్తే ఊఁ, ఆఁ అని పెట్టేశానని నీకు కోపం వచ్చినట్టుంది. ఫోనులో నాకు మాట తోచదు. నాన్న బొంబాయి పనికి పోయిన రోజుల్లో మనిద్దరం ఆయనకు జాబులు రాసేవాళ్ళం. నీకు ఆ అలవాటు పోయిందేమో, నాకు పోలేదు. అందుకే కాగితం పట్టాను.

గోదాములో మూటలు మోసే పని ఇప్పుడు లేదు. విత్తనాల కంపెనీ అదే, పని మారింది. పర్చేజ్ సెక్షన్‌లో అసిస్టెంటుగా కూర్చోబెట్టారు. అందరికంటే కింది కుర్చీ. ఆరు నెలలు చూస్తారట, నచ్చితే ఉంచుతారు, లేదంటే మళ్ళీ గోదాముకే.

పని చెప్తాను. కంపెనీకి ఏ వస్తువు కావాలన్నా, చీపురైనా తార్పాలినైనా, మూడు చోట్ల ధర అడగాలి. వచ్చిన కాగితాలు పక్కపక్కన పెట్టి ఒక పట్టిక రాయాలి. దాని మీద మాలతి మేడం సంతకం పెడతారు. ఆమె మా సెక్షన్‌కు పెద్ద. నా పక్క కుర్చీ అరుణ్‌ది. డిగ్రీ చదివిన పిల్లవాడు, నన్ను పెద్దాయనా అంటాడు. నిన్న, "పెద్దాయనా, కొనేది కంపెనీ పైసలతోటి. నీ ఇల్లు అమ్మినట్ల మొకం పెడ్తవేంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

కుర్చీలో కాళ్ళు ఊరుకోవడం లేదు. మూట అయితే ఎక్కడ దించాలో తెలిసేది.

ఇస్రాయేలు.

బిజినేపల్లి,
జులై.

తమ్మీ ఇస్రాయేలూ,

నీ జాబు రెండు సార్లు చదివిన. మంచిగ రాస్తవురా, పుస్తకం లెక్క. నేను నోటికొచ్చినట్ల రాస్త, నవ్వకు. కుర్చీల కూసొని కాళ్ళు ఆడించకు, దరిద్రం అని అమ్మ తిట్టేది, యాదికున్నదా? రోజూ లెక్కలు రాస్తున్నవా ఇంకా? నా జాబు వచ్చిన రోజు దాన్ని ఏ దిక్కు రాస్తవు, జమనా, ఖర్చా?

ఇక్కడి సంగతి విను. మా మహిళా సంఘంల నలుగురం కుట్టుమిషిన్లు తీసుకున్నం కదా. నేను, అంజమ్మ, బాలమణి, ఇంకా మా వదిన. జాకెట్లు ఎన్నని కుడ్తం, ఊరందరికీ అయిపోయినయి. దసరా అయినంక కూలోళ్ళను వలస తోలుకపోయే మేస్త్రి వస్తడు, పేర్లు రాసుకుంటడు. పేరు ఇచ్చినమంటే ఆరు నెలలు ఇల్లిడిసి గుడిసెల్ల బతుకుడు. పోయినేడు మిర్చి తోటల అంజమ్మ కండ్లు ఎట్ల మండినయో నేను చూసిన. ఈ ఏడు పోవద్దనుకుంటున్నం. పోవద్దంటే ఇక్కడ చేతిల పని ఉండాలె.

నీ కంపెనీ పత్తి రైతులకు ఏరే సంచులు ఇస్తదంట కదా? నడుముకు కట్టుకునే ఒడి సంచి. యూరియా సంచులతోటి ఏరితే ప్లాస్టిక్ పోగులు పత్తిల కలుస్తయని, బట్ట సంచులే కావాలంటరంట. చిన్నప్పటి సంది పత్తి ఏరినోళ్ళం, సంచి ఎట్లుండాలెనో మాకు తెల్వదా? ఎవరిని అడగాలెనో చెప్పు. నువ్వే అడుగు.

నీ అక్క సాయమ్మ.

గద్వాల,
జులై.

అక్కా,

అడిగాను. అడిగేముందు నువ్వు నా అక్కవని మాలతి మేడంకు చెప్పాను. ఆమె ఆ మాట కాగితం మీద రాయించుకున్నారు. సంచుల ఫైలు నేను ముట్టను, అరుణ్ చూస్తాడు. ఈసారి మీ సంఘానికి కూడా ఎంక్వైరీ లెటరు పోస్టులో వస్తుంది. ధర రాసి, ఒక సంచి శాంపిల్‌గా పంపాలి.

ఇక ముందు దీని గురించి నన్ను ఏమీ అడగవద్దు. నేను కూడా ఏమీ రాయను. అక్క అని ఏదో ఒకటి చెప్పాననే మాట వస్తే నీ సంచీ పోతుంది, నా కుర్చీ కూడా పోతుంది.

ఇక్కడ వానలు లేవు. కృష్ణకు నీళ్ళు వస్తున్నాయని అంటున్నారు.

ఇస్రాయేలు.

బిజినేపల్లి,
ఆగస్టు.

తమ్మీ,

అడగొద్దంటివి, అడుగుతలేను. చెప్తున్న అంతే.

శాంపిలు పంపినం. అంజమ్మ కుట్టింది. ఆమె చెయ్యి నీకు తెలుసు కదా, కుట్టు ఏడ మొదలైందో ఏడ అయిపోయిందో కనబడదు. వేరే పని ముట్టకుంట నాలుగు రోజులు దాని మీదనే కూసున్నది. వనపర్తి పోయి కోరా బట్ట తెచ్చిన, మంచి మందం. నడుం పట్టీకి రెండు వరుసలు మిషిన్ కుట్టు, మీదంగ చేతికుట్టు. లోపట చిన్న తిత్తి పెట్టింది, ఆకు వక్కకో ఫోనుకో. నేనన్న, "వాళ్ళు తిత్తి అడగలే కదనే." అంజమ్మ అన్నది, "ఫస్ట్ సారి పెద్దోళ్ళ ఇంటికి పోతున్న సంచి, ఉత్తగ పోతదా?" ఇస్త్రీ కూడ చేసినం. పొయ్యే ముందట బాలమణి దానికి దండం పెట్టింది. ఆమెను చూసి మేం ఒకటే నవ్వుడు.

ఎట్లున్నదో రెండు ముక్కలు రాయి. గంత రాసినా నేరమేనా?

సాయమ్మ.

వనపర్తి బస్టాండు,
ఆగస్టు.

అక్కా,

తార్పాలిన్ల ధరలు అడగడానికి వనపర్తికి పంపారు. పని అయిపోయింది. గద్వాల బస్సు ఇంకా రాలేదు. నాగర్‌కర్నూల్ బస్సు నా ముందే నిండి వెళ్ళింది, అది మీ ఊరి మీదుగానే పోతుంది. ఎక్కబోయి ఆగాను. వస్తే నీ ఎదుట కూర్చోవాలి. కూర్చుంటే నువ్వు అడుగుతావు.

సంచి చూశాను. బాగుంది. అందరూ చేతుల్లోకి తీసుకుని చూశారు. అరుణ్ తిత్తిలో తన ఫోను పెట్టుకుని సెక్షన్ అంతా తిరిగాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది, చెప్తాను. ఏ వస్తువుకైనా ఇదే పద్ధతి కాబట్టి చెప్పడంలో తప్పు లేదు. నచ్చిన శాంపిల్‌కు దారం కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, ముద్ర కొట్టి బీరువాలో పెడతారు. ఆ బీరువా తెరిస్తే నవ్వు వస్తుంది. ఒక చీపురు, ఒక బకెట్టు, ఒక మూర తాడు, అన్నింటి మెడలో ఎర్ర ముద్రలు, పెళ్ళికి తయారైనట్టు. తర్వాత సరుకు వచ్చినప్పుడు ముద్ర ఉన్నదాన్ని బయటికి తీసి పక్కన పెట్టి చూస్తారు.

ఇంకో మాట రాయాలని ఉంది. రాయను. బస్సు వచ్చింది.

ఇస్రాయేలు.

బిజినేపల్లి,
సెప్టెంబరు.

తమ్మీ,

ఆర్డరొచ్చింది! మూడు నూర్ల సంచులు! నీకు ముందే తెలిసుంటది, అయినా మొదలు నేనే చెప్తున్న అనుకో.

మేస్త్రి దసరా దాకా ఆగలే, మొన్ననే వచ్చిండు. "ఏమక్కా, ఈ ఏడు ఎన్ని పేర్లు?" అన్నడు. "ఒక్కటి గూడ లేదు, పో," అన్న. వాడు నవ్వి, "సంక్రాంతికి నువ్వే నాకు ఫోన్ చేస్తవు" అన్నడు. "చేస్త, సంచి కావాల్నా అని అడగనీకి," అన్నది బాలమణి. వాడి మొకం చూడాలె.

నువ్వు మాత్రం సంతోషమని ఒక్క మాట రాయలే. బస్టాండు దాక వచ్చి మా ఇంటికి రాలే. అక్క ఇంటి అన్నం కూడ లంచమేనా?

ఆర్డరు కాగితం ఇంగ్లీషుల ఉన్నది. పాస్టరయ్య కొడుకు చదివి చెప్పిండు, ఎన్ని సంచులు, ఏ తారీకు, ఎంత ధర. ఇంకేముంది అంటే, కింద ఉత్తుత్త సంగతులు అన్నడు.

పని మొదలు పెట్టినం. అంజమ్మ కుట్టినట్ల కుట్టుడు మాతోటి అయితలేదు. ఆమెకూ రెండు రోజులకు ఒకటి దాటుతలేదు, కండ్లకు నీళ్ళు కారుతున్నయి. అందుకని తిత్తి ఇడిసిపెట్టినం. వాళ్ళు అడిగిండ్రా ఏంది తిత్తి? పట్టీకి చేతికుట్టు కూడ తీసేసినం, మిషిన్ కుట్టు ఒక వరుసనే. ఒక వరుస చాలు, పదేండ్లు గట్లనే కట్టుకొని ఏరినం, ఎన్నడు తెగలే. ఇప్పుడు పని ఉరుకుతున్నది.

సాయమ్మ.

గద్వాల,
సెప్టెంబరు.

అక్కా,

ఆర్డరు కాగితం ఇంకొకరితో చదివించుకో. చివరి దాకా చదివించుకో.

ఇస్రాయేలు.

బిజినేపల్లి,
సెప్టెంబరు.

ఇస్రాయేలు గారికి,

మీ జాబు అందింది. రెండే ముక్కలు, ఆఫీసు ముక్కలు. చదువు రానోళ్ళమని మాకు మళ్ళ చెప్పాల్నా? పాస్టరయ్య కొడుకు ఇంటర్ పాసయిండు. సంచులు సగం దాటినయి. మీరు పరేషాన్ కావొద్దు.

సాయమ్మ.

బిజినేపల్లి,
అక్టోబరు.

ఇస్రాయేలూ,

నేను మర్చిపోక ముందే రాస్తున్న. మర్చిపోను గానీ, రాస్తున్న.

నేను, బాలమణి రెండు పెద్ద మూటలు నెత్తిన పెట్టుకొని, వనపర్తిల బస్సు మారి మీ గద్వాలకొచ్చినం. స్టోరు ముందట దించినం. మాలతి మేడం వచ్చింది, మంచిగనే మాట్లాడింది, నీళ్ళిప్పించింది. అరుణ్ లీవుల ఉన్నడంట. మేడం లోపలికి చూసి, "ఇస్రాయేలూ, ముద్ర సంచి తీసుకురా" అన్నది.

నువ్వొచ్చినవు. అంజమ్మ కుట్టిన సంచి రెండు చేతుల మీద పట్టుకొని తెచ్చినవు, ప్రార్థనల పాస్టరయ్య రొట్టె తెచ్చినట్ల. బల్ల మీద పెట్టి ఎన్కకు జరిగి గోడ దిక్కు నిలబడ్డవు. నా మొకం చూడలే. బాలమణి మెల్లగ, "అక్కా, మీ తమ్ముడే కదా?" అన్నది. నేను మూట ముడి విప్పిన.

మేడం మా మూటల నుంచి ఒకటి తీసి దాని పక్కన పెట్టింది. ఒక్కటే చూపు. "తిత్తి ఏదమ్మా? పట్టీకి ఒక్క వరుసేనా? కాగితంలో రాసింది కదా, ముద్ర వేసిన శాంపిల్ ప్రకారం అని." పాస్టరయ్య కొడుకు ఉత్తుత్తది అన్న ముక్క అదే. నేనన్న, "మేడం, ఏరేటానికి గిదే సంచి మంచిగుంటది. అది చూసేటందుకు కుట్టింది." ఆమె అన్నది, "మీరు చూపించిందే నేను కొన్నానమ్మా. ఇది తీసుకుంటే రేపు అందరూ ఒకటి చూపించి ఒకటి తెస్తారు." ఆమె మాటల తప్పేముంది? తప్పు దొరికితే తిట్టుకుంట వచ్చేదాన్ని.

మళ్ళ నెత్తికెత్తుకొని వచ్చినం. ఎత్తనీకి నువ్వు ఒక చెయ్యి కూడ ఎయ్యలే.

నీకు తెలుసు. శాంపిలు చూసిన్నాడే తెలుసు. బస్టాండుల రాయను అన్న మాట గదే. మేం మంచిది పంపినం కాబట్టి మునిగినం. ఇంటికొచ్చినోళ్ళకు మంచి చాప ఏస్తం, మంచి గిన్నెల పెడ్తం, మాకు తెలిసింది గదే. రోజు వాడే సంచి పంపు అక్కా అని ఒక్క ముక్క రాస్తే నీ చెయ్యి ఇరుగుతుండెనా?

బాలమణి నిన్న మేస్త్రికి పేరిచ్చింది. రేపు పోతది. అంజమ్మ మిషిను ముట్టుతలేదు. నా కుట్టే మిమ్మల్ని ముంచింది అంటున్నది. ఆమెకు నేనేం చెప్పాలె, నువ్వు చెప్పు.

సాయమ్మ.

గద్వాల,
అక్టోబరు.

అక్కా,

మూట ఎత్తడానికి ముందుకు వచ్చాను. అందరూ చూస్తున్నారనుకుని ఆగాను. ఎప్పుడూ ఆగడమే వచ్చింది నాకు.

మీరు వెళ్ళిన సాయంత్రం మేడం దగ్గరికి వెళ్ళాను. శాంపిల్ చూసిన రోజే నాకు ఇలా అవుతుందని తెలుసని చెప్పాను. నాలుగు రోజుల పని ఒక్క సంచిలో ఉందని తెలుసు, మూడు వందలు అలా రావని తెలుసు అన్నాను. "మరి చెప్పలేదేం?" అని అడిగారు. ఆమె నా అక్క కాబట్టి అన్నాను. మేడం కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత ఇలా అన్నారు:

"ఇంకొకరి ధర చెప్పకూడదు. మనం ఎంతకు కొనాలనుకుంటున్నామో చెప్పకూడదు. శాంపిల్ ఎలాంటిది పంపాలో చెప్పొద్దని ఎవరన్నారు ఇస్రాయేలూ? అది అందరికీ చెప్పాల్సిన మాట. మనకు సంచులు అమ్మే హైదరాబాద్ వాళ్ళకు తెలుసు కాబట్టి వాళ్ళు అడగరు. తెలియనివాళ్ళు అడగలేరు. నాకైనా చెప్పి ఉండాల్సింది."

ఇన్నాళ్ళూ నోరు మూసుకుంటే నీతిగా ఉన్నట్టే అనుకున్నాను. అందులో సగం భయం. గోదాముకు తిరిగి పంపుతారనే భయం. ఏది నీతి, ఏది భయం అని విడదీసి చూసుకోలేదు. ఇప్పుడు చూస్తుంటే భయం పాలే ఎక్కువ.

నీ సంచులు బాగున్నాయి అక్కా. మూటలోంచి ఒకటి జారి పడిపోయింది, మీరు చూసుకోలేదు. నా దగ్గర ఉంది. గోదాములో హమాలీ పని చేసే ఏసురత్నంకు ఇచ్చి పట్టీ పట్టుకుని గుంజమన్నాను. ఎంత గుంజినా తెగలేదు.

రెండో విడత ఏరుడుకు మళ్ళీ సంచులు కావాలి. మళ్ళీ అందరికీ లెటర్లు వెళ్తాయి. మీకూ వస్తుంది.

అంజమ్మక్కకు చెప్పు, తప్పు కుట్టుది కాదు.

ఇస్రాయేలు.

బిజినేపల్లి,
నవంబరు.

తమ్మీ,

జాబు రాయొద్దనుకున్న. నీ అక్టోబరు జాబు పొయ్యి కాడ పెట్టిన, కాల్చ లేదు, అంతే.

మొన్న మీ కంపెనీ కాగితం వచ్చింది. విప్పి చూస్తే తెలుగుల ఉన్నది! పాస్టరయ్య కొడుకు అవసరం లేకుంట నేనే చదివిన, గట్టిగ, అందరికీ వినబడేటట్ల. నీకు గూడ రాస్త, చూడు:

"శాంపిల్‌గా ప్రత్యేకంగా కుట్టిన సంచి పంపవద్దు. మీరు రోజూ కుట్టే సంచుల్లోంచి ఒకటి తీసి పంపండి. మీరు ఏది చూపిస్తే, ప్రతి సంచీ అలాగే ఉండాలని అడుగుతాము. కాబట్టి రోజూ చేయగలిగినదే చూపించండి."

కింద మాలతి మేడం సంతకం. కానీ అది నీ మాట. "కాబట్టి" అని రాసేటోడు మన వంశంల నువ్వొక్కనివే. ఎన్ని ఊర్లకు పోయిందిరా ఈ కాగితం? అందరికీ పోయింది కదా? అందరికీ పోతే మంచిదే. ఇన్ని జాబులు రాసినవు గానీ, నువ్వు నాకు రాసిన జాబంటే గిదే.

ఈసారి సంచి అంజమ్మను ముట్టనియ్యలే. నేనే కుట్టిన. పొయ్యి మీద రొట్టె కాలుతుంటే, వదినతోటి కొట్లాడుకుంట కుట్టిన. ఒక కాడ దారం తెగింది, మళ్ళ ముడేసిన, గట్లనే పంపిన. ఇస్త్రీ లేదు. దండం లేదు, దండం పెట్టేటామె లేదు. బాలమణి పోయిన కాడ నీళ్ళు కూడ దూరమంట.

పాత సంచులు వనపర్తి అంగట్ల కొన్ని అమ్మినం, కొన్ని ఇక్కడ ఏరేటోళ్ళు తీసుకున్నరు. ఒక్కటి గూడ తిరిగి రాలే.

సాయమ్మ.

గద్వాల,
డిసెంబరు.

అక్కా,

ఇప్పటికీ ఆ ఫైలు నేను ముట్టడం లేదు. అరుణ్ నీ సంచి పట్టుకుని ముడి ఉన్న చోటు చూపించి, "పెద్దాయనా, ఇది మీ అక్క కుట్టిందే కదా, మీ లెక్కనే మొండిగున్నది" అన్నాడు. ఈసారి ఆలస్యం చేయకుండా నవ్వాను. ఎవరికి వస్తుందో నాకు తెలియదు. తెలిసినా రాయను. ఇది మాత్రం నిజంగా రాయకూడనిదే, మేడంను అడిగి తెలుసుకున్నాను.

నా ఆరు నెలలు అయిపోయాయి. ఇంకా ఏమీ చెప్పలేదు. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు ఆగడం లేదు, లేచి స్టోరు దాకా పోయి వస్తున్నాను.

ఆర్డరు రద్దయితే శాంపిల్ తిరిగి పంపాలని నియమం. అంజమ్మక్క సంచి పార్సిల్ చేశాను. కాగితం చుట్టింది నేనే. ముద్ర తీయడానికి మనసు రాలేదు, అలాగే ఉంచాను.

ఆదివారం మీ ఊరికి వద్దామనుకుంటున్నాను. అన్నం పెడితే తింటాను.

ఇస్రాయేలు.

బిజినేపల్లి,
డిసెంబరు.

తమ్మీ,

ఆర్డరు కాగితం వచ్చింది. సగమే ఇచ్చిండ్రు, నూట యాభై. మిగిలిన సగం ఇంకెవరికో. ఫర్వా లేదు. ఈసారి ఇంగ్లీషు కాగితమే గానీ చివరి దాకా చదివించుకున్న, మూడు సార్లు, వేరే వేరేటోళ్ళతోటి. బాలమణికి ఫోన్ చేసిన. మేస్త్రి ఇడిస్తే వస్త అన్నది. ఇడుస్తడో లేదో. ఏడ్చింది, నవ్వింది.

పార్సిల్ ముట్టింది. అంజమ్మ ముందట విప్పిన. సంచిని అటిటు తిప్పి చూసుకున్నది, ఎవరిదో చూసినట్ల. దాచిపెట్టుకుంటదనుకున్న. తెల్లారి చూస్తే అదే నడుముకు కట్టుకొని పత్తి ఏరనీకి బయలెల్లింది. పక్కకు దారం, దారానికి ఎర్ర లక్క బిళ్ళ, నడుస్తుంటే ఊగుతున్నది. "అది తీసెయ్యరాదే," అన్న. "ఎందుకు తీస్త? ఆఫీసోళ్ళంతా నిలబడి చూసి ఏసిన ముద్ర" అన్నది. చేన్ల రైతు అడిగిండు, "ఏంది అంజమ్మా, నీ నడుముకు గా బిళ్ళ?" అని. "కంపెనీ నన్ను పాస్ చేసింది, నీ పత్తే ఇంక పాస్ కావాలె" అన్నదంట.

పొద్దెక్కే వరకు లక్క మెత్తబడి సంచికి అంటుకున్నది. తిత్తి నిండ ఆకు వక్క. పట్టీ మాత్రం గట్టిగనే ఉన్నది.

ఆదివారం రా. ప్రార్థన అయినంక తిందాం. మంచి గిన్నె తియ్యను, రోజు తినే దాంట్లనే పెడ్త.

నీ అక్క సాయమ్మ.